పెండ పడ్డది పడ్డట్టే ఎండుతున్నది, ఉండపురుగులు యాడికి పోయినయ్?

నర్సంపేట కాపరి: అన్నలూ, పొద్దుటి సంది బంచరాయిల తిరిగి తిరిగి కాళ్లు గుంజుతున్నయ్. మావి 14 ఆవులు. ఏటా వానలు పడ్డంక పెండ పడుడే ఆలస్యం, నల్ల పురుగులు ముసిరేటివి. రెండొద్దులల్ల ఆడ పిప్పే మిగిలేది. ఈసారి లేవు. పెండ పెంకు కట్టి అట్లనే ఉంటున్నది, దాని సుట్టు గడ్డిని ఆవులు మూతి పెడ్తలేవు. ఈగలు చెప్పతరం కాదు. ఏం చేయాలె?

జనగామ సేంద్రియ రైతు: అన్నిటికీ యూరియానే మూలం. మా నాయిన ఎకరానికి పది బండ్ల పెంట తోలేటోడు, నేల మెత్తగ ఉండేది. ఇప్పుడు వానపాము కూడ కనబడ్తలేదు.

నర్సంపేట కాపరి: బంచరాయిల యూరియా ఎవలు సల్లుతరన్నా?

పశువైద్యం అక్క: ఆవులకు ఏ మందు వేయించిన్రు? ఎప్పుడు?

పరకాల: ముందు పేరు తేల్చుండ్రి. పెంటకుప్పల తెల్లగ, లావుగ వంకర తిరిగి ఉండేదాన్ని మా దిక్కు పెండపురుగంటరు. అది కొమ్ముపురుగు పిల్ల. పెద్దదైతే కొబ్బరి మొవ్వు తొలుస్తది.

ములుగు: అది వేరే అన్నా. తమ్మీ, ఉండ దొర్లించేటివి కొన్నే, శానా రకాలు పెండ కిందనే బొరియ తవ్వి లోపలికి దించుకుంటయ్. రెండొద్దుల పెండను బకెట్ నీళ్లల్ల ఏసి కలుపు. పురుగులుంటే తేలుతయ్.

పరకాల: బొరియ తవ్వేది ఉండపురుగెట్లయితది?

ములుగు: బొరియల కూడ పెండను ముద్ద చేసే గుడ్డు పెడ్తది. పెండను తీసే పురుగులు లేకుంటే ఏమైతదో సూడుండ్రి: ఆస్ట్రేలియాల పురుగులు కంగారూల పెంటికలకే అలవాటు పడ్డయ్, ఆవు పెండ మైదానాలల్ల పేరుకపోయింది. 1960ల నుంచి బయటి దేశాల పురుగులు తెచ్చి విడిచిన్రు.

నర్సంపేట కాపరి: బకెట్ల ఏసి సూసిన. రెండు సిన్నయి తేలినయ్, అంతే. మందంటే, గోమార్లు ఎక్కువైతే 20 రోజుల కింద అన్నిటికీ ఐవర్‌మెక్టిన్ సూది ఏపిచ్చిన. నిరుడు వానాకాలంల ఊరందరం ఏపిచ్చినం. దీనికి దానికి ఏం సంబంధం?

పశువైద్యం అక్క: ఆ మాట మొదలే చెప్పాలె. ఆ మందు ఎక్కువ పెండల నుంచే బయటికొస్తది, కొన్ని వారాల దాక. పెద్ద పురుగు బతికినా పిల్లలు సస్తయ్. నిరుడు పిల్లలు దక్కకపోతే ఈ ఏడు పెద్దయి యాడికెల్లి వస్తయ్? ఇగ నుంచి గోమార్లు పట్టినవాటికే వేయించి, రెండు మూడు వారాలు కొట్టంల కట్టేసి మేపుండ్రి. ఫెన్‌బెండజోల్ అనే మందుతోని ఉండపురుగులకు అంత హాని లేదు, కాని అది నట్టలకే, గోమార్లకు కాదు. ఆ ఐవర్‌మెక్టిన్ సూది పాడి ఆవులకు వేయించలే కదా?

నర్సంపేట కాపరి: రెండిటికి ఏపిచ్చిన. పాల సంగతి రేపు డాక్టర్ సార్‌ను అడుగుత. థాంక్స్ అక్కా.

పరకాల: గొర్ల పెంటికలను కూడ ఈ పురుగులు ముడుతయా? మా మందకు కూడ అదే సూది ఏసిన్రు.