మొక్కజొన్న మ్యూటెంట్ గింజ నుంచి పెరికార్ప్ (గింజ పైపొర) కలవకుండా ఆర్‌ఎన్‌ఏ తీయడం ఎలా?

విజయనగరం దగ్గర రబీ పొలంలో ఆర్‌జీహెచ్3 అనే జన్యువులో మార్పు ఉన్న (మ్యూటెంట్) మొక్కజొన్న పెంచుతున్నాను. ఈ జన్యువు ఇచ్చే ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏ నుంచి యూ12 రకం ఇంట్రాన్లను (ప్రోటీన్‌కు అక్కర్లేని మధ్య ముక్కలను) కత్తిరించి తీసేయడానికి, అంటే స్ప్లైసింగ్‌కి, కావాలి. అది దెబ్బతింటే ఎండోస్పెర్మ్ (గింజలో పిండి నిండే భాగం) కణాలు పక్వానికి రాకుండా విభజన చెందుతూనే ఉంటాయి. సెల్ఫ్ చేసిన (అదే మొక్క పుప్పొడి వేసిన) కంకిలో నాలుగో వంతు గింజలు చిన్నగా, పాలిపోయి కనిపిస్తున్నాయి. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా ఆర్‌టీ-పీసీఆర్‌లోనే (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, పెంచి చూసే పరీక్ష). పరాగసంపర్కం తర్వాత 18వ రోజు తీసిన మ్యూటెంట్ గింజల్లో, ఇంట్రాన్ మిగిలిపోయిన పెద్ద బ్యాండ్‌తో పాటు ఇంట్రాన్ పోయిన మామూలు బ్యాండ్ కూడా గట్టిగానే వస్తోంది. డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏస్ ఎంజైమ్ వేశాను. ఆర్‌టీ ఎంజైమ్ వేయని కంట్రోల్ ఖాళీ, కాబట్టి జీనోమిక్ డీఎన్‌ఏ కాదు. పీసీఆర్ ఆనీలింగ్ ఉష్ణోగ్రతను 58 నుంచి 62 డిగ్రీలకు పెంచాను, సైకిళ్లు 35 నుంచి 28కి తగ్గించాను. తేడా లేదు.

మ్యూటెంట్‌లోనూ కొంత స్ప్లైసింగ్ మిగులుతుందని తెలుసు, కానీ ఇంతా? నా అనుమానం పెరికార్ప్ మీదే. అది తల్లి కణజాలం, హెటెరోజైగస్ (ఒక మంచి కాపీ, ఒక దెబ్బతిన్న కాపీ ఉన్నది), అందులో స్ప్లైసింగ్ సవ్యంగానే జరుగుతుంది. ఒలుద్దామంటే లోపలిది గడ్డపెరుగులా చితికి ఫోర్సెప్స్‌కి అంటుకుపోతోంది. గింజను ఐస్ మీద పెట్టి కోసినా అదే తంతు, పైగా ఆర్‌ఎన్‌ఏ పాడవుతుందేమోనన్న టెన్షన్ ఒకటి.

ఈ వయసు గింజలో పెరికార్ప్ ముక్క రాకుండా మ్యూటెంట్ ఎండోస్పెర్మ్‌ను మాత్రమే మీరు ఎలా వేరు చేస్తున్నారు?