అప్‌డేట్: హెలికాప్టర్ ట్రైనింగ్ అంత ఖరీదెందుకని అడిగాను కదా

టెక్సాస్‌లో ఉంటాను. మామూలు చిన్న విమానం గంటకి 230 డాలర్లు అంటుంటే, రెండు సీట్ల రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్‌కి 380 ఎందుకని పోయిన నెల అడిగాను. రెండిట్లోనూ ఇన్‌స్ట్రక్టర్ ఖర్చు కలిపే. "పెట్రోల్ ఎక్కువ తాగుతుంది" అని చాలామంది చెప్పారు. అది అసలు కారణం కాదట.

శనివారం ట్రైనింగ్ స్కూల్‌కి వెళ్లి అక్కడి మెకానిక్‌నే అడిగాను. ఆర్22ని 2,200 గంటలు ఎగిరినా, 12 ఏళ్లు నిండినా, ఏది ముందొస్తే అప్పుడు, పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయాల్సిందే. రెక్కలు చూడ్డానికి కొత్తవాటిలా మెరుస్తున్నా సరే, గడువు తీరితే తీసి పక్కన పెట్టాలి. చిన్న విమానంలో ఇంజన్‌కి ఓవర్‌హాల్ ఉంటుంది గానీ, రెక్కలకి ఇలాంటి గడువు సాధారణంగా ఉండదు. అంటే మనం ఎగిరే ప్రతి గంటకీ రేపటి ఓవర్‌హాల్‌లో కొంత వాటా ఇప్పుడే కడుతున్నామన్నమాట. దీనిపైన ఇన్సూరెన్స్ వేరే. ఇంజన్ ఆగితే ఒకటి రెండు సెకన్లలోనే ఎడమచేతి లివర్ దించాలి, లేదంటే రోటర్ (పైన తిరిగే రెక్కలు) వేగం పడిపోతుంది. అలాంటి మెషీన్‌ని కొత్తవాళ్ల చేతికిస్తే ఇన్సూరెన్స్ వాళ్లకి టెన్షన్ ఉండదా మరి!

ప్రైవేట్ లైసెన్స్‌కి కనీసం 40 గంటలు కావాలి. లెక్కేస్తే 15,200 డాలర్లు. కనీసంతో పూర్తిచేసినవాళ్లు ఒక్కరూ కనపడలేదు నాకు.

డెమో ఫ్లైట్ మాత్రం చేశాను. గాల్లో నిలబెట్టమంటే ఊయల ఊపాను. ముందు విమానం లైసెన్సే తీసుకుంటున్నాను.