పార్సీలూ హిందువులూ తమ మతాన్ని చెప్పుకునే తీరులో బయటివారి పాలెంత?

ప్రశ్న (బరంపురం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి జాత్ర గురించి ఇక్కడ చాలామందికి తెలుసు. అమ్మవారు దేశిబెహెరా వీధిలో వేసిన తాత్కాలిక గుడికి వస్తుంది, మొక్కుకున్నవారు వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. కాలేజీలో చదివే మా మేనల్లుడు వాటిని చూస్తూ, "ఇవన్నీ తర్వాత చేరినవి మామయ్యా, అసలు మతం వేదాంతమే, దేవుడొక్కడే, విగ్రహం గుర్తు మాత్రమే" అన్నాడు. ఆ మాటను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే బొంబాయి పార్సీల చరిత్ర చదువుతుంటే అచ్చం ఇదే వాదన ఎదురైంది: వారి ప్రవక్త జరతుష్ట్రుడి గాథలే అసలు మతమట, మిగతా కర్మకాండ పురోహితులు పెంచినదట, అగ్ని ఒక చిహ్నమేనట. రెండు సమాజాలూ ఒకే శతాబ్దంలో ఒకే ధోరణిలో మాట్లాడడం మొదలుపెట్టడానికి పాదిరీల విమర్శ ఒక్కటే కారణమా?

జవాబు 1 (పర్లాకిమిడి నుంచి)

పార్సీల వరకు బయటివారి పాలును తేదీలతో సహా చూపించవచ్చు. స్కాట్లండు పాదిరీ జాన్ విల్సన్ 1829లో బొంబాయి చేరాడు. 1839లో ఆయన బడిలో చదువుకునే పార్సీ కుర్రాళ్లు క్రైస్తవం పుచ్చుకోవడంతో ఊరు అట్టుడికి, వ్యవహారం కోర్టుకెక్కింది. 1843లో ఆయన పార్సీ మతాన్ని ఖండిస్తూ పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. తమ పవిత్ర గ్రంథం అవెస్తాను తరతరాలుగా కంఠస్థం చేసి క్రతువుల్లో పఠిస్తూ వచ్చిన దస్తూర్లకు, అంటే పార్సీ పురోహితులకు, దాని వ్యాకరణం పట్టుకుని వాదించే అలవాటు లేదు. ఆ లోటు తీర్చినవాడు కూడా బయటివాడే కావడం విశేషం. పుణెలో సంస్కృతాచార్యుడిగా ఉన్న జర్మన్ పండితుడు మార్టిన్ హౌగ్, అవెస్తాలో క్రతువుల్లో పఠించే 72 అధ్యాయాల భాగమైన యస్నలో గాథలనే 17 సూక్తాలు మాత్రమే జరతుష్ట్రుడి సొంత మాటలని, వాటిలో ఉన్నది ఏకేశ్వరవాదమేనని 1862లో ప్రకటించాడు. దుష్టశక్తి అంగ్ర మైన్యుకు ఎదురు నిలిచేది శుభశక్తి స్పెంత మైన్యువే గాని పరమదైవమైన అహుర మజ్దా కాదని, అహుర మజ్దా ఆ ఇద్దరికీ పైన ఉన్నాడని ఆయన వివరణ. 1851లోనే రహ్నుమాయె మజ్దయస్నాన్ సభ పెట్టుకుని సంస్కరణలకు పూనుకున్న చదువుకున్న పార్సీలకు ఇది అడగకుండా దొరికిన వరమైంది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. 9వ శతాబ్దంలో మర్దాన్ ఫర్రుఖ్ అనే జొరాస్ట్రియన్ (పార్సీల మతానికి చెందినవాడు), చెడుకు కూడా దేవుడే మూలమనడం దేవుడికే కళంకమని, మంచికీ చెడుకూ మూలాలు వేరని ముస్లిములతోనూ క్రైస్తవులతోనూ యూదులతోనూ తల ఎత్తుకుని వాదించాడు. వెయ్యేళ్ల తర్వాత ఆయన వారసులు అదే ద్వైతం తమ మతంలో లేదని చెప్పుకోవలసి వచ్చింది. నా దృష్టిలో పాదిరీ గెలిచింది మతమార్పిడిలో కాదు, ఏది గౌరవనీయమైన మతమో తేల్చే కొలబద్దను తానే నిర్ణయించడంలో.

జవాబు 2 (రాయగడ నుంచి)

పార్సీల గురించి పైన పర్లాకిమిడి మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను గాని, దాన్ని యథాతథంగా హిందువులకు అన్వయిస్తే చిక్కు వస్తుంది. రామమోహన్ రాయ్ విగ్రహారాధనను ఖండిస్తూ తొలి గ్రంథం రాసింది 1803-04 ప్రాంతంలో, అదీ పారశీక భాషలో, అరబ్బీ ముందుమాటతో. అంటే ఆయన మొదట తాకిన బయటి గాలి ఇస్లాముది. ఆయన వేదాంతాన్ని కొత్తగా వెలికితీశాడని పత్రికలు పొగిడినప్పుడు, మద్రాసు కళాశాలకు చెందిన శంకరశాస్త్రి, ఒకే బ్రహ్మమన్నది మాకు కొత్త కాదనీ విగ్రహపూజ దానికి విరోధి కాదనీ అభ్యంతరం చెప్పాడు. దానికి రాయ్ 1817లో సమాధానం అచ్చువేశాడు. మీ మేనల్లుడితో మీరు పడుతున్న పేచీ అప్పటిదేనన్నమాట.

మన వేమన రాతిబొమ్మలకు మొక్కడాన్ని ఎగతాళి చేసినది ఏ పాదిరీ చెబితేనో కాదు. ఆ పద్యాలను బ్రౌను దొర 1829లో అచ్చువేయించాడంతే. ఒడిశాలోనే మహిమ ధర్మం ఉంది: నిరాకారుడైన అలేఖుడు తప్ప మరో దైవం లేదంటారు, విగ్రహం ఉండదు, కులం పాటించరు. 1881లో ఆ మతస్థులు కొందరు పూరీ గుడిలోకి చొరబడి, జగన్నాథుడి మూర్తిని బయటికి తెచ్చి కాల్చాలని చూశారు. వీళ్లు ఇంగ్లీషు బడిలో చదివినవారు కారు. అయినా పండితులు ఊరుకోక, 1911లో నగేంద్రనాథ వసు దాన్ని దాగిన బౌద్ధమన్నాడు. ఇంటి సరుకుకు కూడా బయటి చిరునామా వెతకడం మనవాళ్లకు పరిపాటి.

కాబట్టి ఏకేశ్వరభావం బయటినుంచి రాలేదు. ఉన్న పది దారుల్లో ఒక్కదాన్ని అసలు మతంగా నిలబెట్టి, తక్కినవాటికి సంజాయిషీ చెప్పుకునే అలవాటు మాత్రం కచ్చితంగా ఆ కాలం ఇచ్చినదే.

జవాబు 3 (జయపురం నుంచి)

పాదిరీలను, పండితులను చెప్పారు గాని న్యాయస్థానాలను వదిలేశారు. పార్సీ ఎవరన్నది 1908లో బొంబాయి హైకోర్టులో దావర్, బీమన్ అనే ఇద్దరు జడ్జీలు తేల్చారు. పార్సీ తండ్రికి పుట్టి మతదీక్ష పొందిన పిల్లలకు చోటుంది. పరాయి స్త్రీ జొరాస్ట్రియన్ మతం పుచ్చుకున్నా పార్సీ పంచాయతీ ధర్మనిధులపై ఆమెకు హక్కు లేదన్నారు. హిందువుల విషయంలో దీనికి తలకిందులుగా జరిగింది. హరిజనుల ఆలయ ప్రవేశాన్ని తప్పించుకోవడానికి స్వామినారాయణ సంప్రదాయాన్ని అనుసరించే సత్సంగులు తాము హిందువులమే కామని వాదిస్తే, 1966లో సుప్రీంకోర్టు మాక్స్ ముల్లర్, రాధాకృష్ణన్ వంటివారి రాతలను ఉటంకిస్తూ, మీరు హిందువులేనని తీర్పు చెప్పింది.