కళాశాల గ్రంథాలయంలో కంప్యూటర్ల వాడకానికి నియమాలు ఎలా రాయాలి?

నమస్కారం. హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో పని చేస్తున్నాను. విద్యార్థులందరూ వాడుకునే కంప్యూటర్లకు నియమావళి రాసే బాధ్యత నాకు అప్పగించారు కనుక అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

మా పిల్లల్లో చాలామంది పరకాల, నర్సంపేట, ములుగు వైపు పల్లెల నుండి వస్తారు. ఇంట్లో కంప్యూటర్ ఉండదు కాబట్టి ఈపాస్ ఉపకారవేతన దరఖాస్తు మొదలుకొని కళాశాలలకు ఆన్‌లైన్‌లో పత్రికలు, పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్‌లోని పరిశోధన పత్రికల వరకు అన్నిటికీ వారికి ఇవే ఆధారం. ఒక్కొక్కరికి అరగంటేనని గిరి గీస్తే, సర్వర్ నెమ్మదించిన రోజున దరఖాస్తు సగంలో ఆగిపోతుంది; గడువే లేకపోతే వెనుక వేచి ఉన్నవారికి సాయంత్రం బస్సు వేళ దాటిపోతుంది. మీ దగ్గర ఏ పద్ధతి పాటిస్తున్నారు?

ఇంకా ముఖ్యమైనది గోప్యత. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు వచ్చినవారి గుర్తింపును పరిశీలించి, వాడకం వివరాలను కనీసం ఏడాది పాటు భద్రపరచాలంటున్నాయి. సొంత విద్యార్థులకు మాత్రమే సేవలందించే గ్రంథాలయానికి అవి వర్తిస్తాయా? రిజిస్టరులో ఫోన్ నంబర్లు రాయించడం నాకు సమ్మతం కాదు. ఆడపిల్లల నంబర్లు తరువాత వచ్చే ప్రతివారి కంటా పడతాయి. గ్రంథాలయ కార్డు నంబరు ఒక్కటి సరిపోదా?

లాగౌట్ చేయకుండా వెళ్లిపోయేవారి కోసం, రీస్టార్ట్ చేయగానే అన్నీ తుడిచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడి ఉంటే, పెన్‌డ్రైవ్‌లను అనుమతించారో లేదో కూడా దయచేసి తెలుపగలరు.