బొలేరోలో వేగం పెరుగుతుందా? విడదీసి వింటే సంగీతం మిగులుతుందా?

రాత్రి శ్రోత:
ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 1928లో చేసిన బొలేరో, నార్వే స్వరకర్త గ్రీగ్ చేసిన ఇన్ ద హాల్ ఆఫ్ ద మౌంటెన్ కింగ్, ఈ రెండు ఆర్కెస్ట్రా రచనల్నీ పక్కపక్కన పెట్టి వినమని ఒక ఫ్రెండ్ చెప్పాడు. నాకైతే రెండూ ఒకటే అనిపించాయి, మెల్లగా మొదలై అదే ట్యూన్ తిప్పి తిప్పి చివరికి ఊపేస్తాయి. బొలేరోలో అసలు స్పీడే మారదంటాడు వాడు, నేను నమ్మను. అయినా టెంపో వేరు వాల్యూమ్ వేరు అని కోసుకుంటూ కూర్చుంటే వినడం ఏముంది ఇంక?

దరువు పిచ్చోడు:
మారదండీ. స్నేర్ డ్రమ్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) ఒక్కదాన్నే పట్టుకోండి, రెండు బార్ల, అంటే రెండు ఆవర్తాల దరువు అది, మొదటి నుంచి దాదాపు చివరిదాకా అదే. మొదటి నిమిషంలో వేలితో టేబుల్ మీద కొట్టి, వెంటనే చివరి నిమిషానికి జంప్ చేసి మళ్ళీ కొట్టి చూడండి. మారేది వేరే, ముందు ఫ్లూట్ ఒక్కటే, తర్వాత క్లారినెట్, బసూన్, అలా ఒక్కో వాద్యం చేరుతూ సౌండ్ నిండిపోతుంటే చెవి దాన్ని స్పీడ్ అనుకుంటుంది. పైగా పావుగంట పాటు సీ (C) మేజర్ అనే శ్రుతిలోనే కూర్చోబెట్టి చివర్లో కాసేపు ఈ (E) మేజర్‌లోకి దూకిస్తాడు, ఒళ్ళు జలదరించేది అక్కడే. గ్రీగ్‌ది అలా కాదు, చెల్లోలు, డబుల్ బేస్‌లు తీగ మీటుతూ, బసూన్లతో అడుగు స్వరాల్లో మొదలై నిజంగానే పరుగెత్తుతుంది, రెండున్నర నిమిషాల్లో మీ వేలు అందుకోలేదు. అందుకే అది పొట్టిగా అయిపోతుంది, స్పీడ్‌ని ఎంతసేపని పెంచుతారు? రవెల్ స్పీడ్ ముట్టుకోలేదు కాబట్టి అంతసేపు లాగగలిగాడు.

వీణ వినేదాన్ని:
నేను ఒప్పుకోను. నా దగ్గరున్న రికార్డింగ్‌లో చివర్లో స్పీడ్ పెరిగింది, నేనూ వేలితో కొట్టే చూశా. ఇంకోటి, బొలేరో మొదటిసారి విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది, అప్పుడు ఏ బసూన్ ఎక్కడుందో నాకేం తెలీదు, తెలిసుంటే లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్నేమో.

దరువు పిచ్చోడు:
మీ చెవి కరెక్టే, నేనే సగం చెప్పా. రాసినదాంట్లో పెరగదు, వాయించేటప్పుడు పెంచేవాళ్ళున్నారు. 1930లో పారిస్‌లో టోస్కనీని అనే కండక్టర్ దీన్ని వేగంగా నడిపిస్తే రవెల్ ఆయనతోనే వాదనకి దిగాడు, అంటే రవెల్‌కి అది చిన్న విషయం కాదు. మొదటిసారి లెక్కపెట్టొద్దన్నది కూడా నిజమే, ఊరికే వినాలి. కానీ రెండోసారి, మూడోసారి? నేను ఏళ్ళ తరబడి విన్నా బసూన్ వంతు వచ్చిందని గమనించనేలేదు, ఇప్పుడు దాని కోసం ఎదురుచూస్తా, ఆ పై స్వరాల్లో దాని గొంతు ఎంత బిగుసుకుని పాడుతుందో వింటే అదే నాకు ఇష్టమైన చోటైపోయింది. విడదీసి వినడం వల్ల నాకు పోయిందేమీ లేదు, దొరికిందే ఉంది.

వీణ వినేదాన్ని:
ఆ బసూన్ సంగతి వింటా. ఎదురుచూడటం వేరు, లెక్కపెట్టడం వేరు, ఆ తేడా మాత్రం వదలను.

రాత్రి శ్రోత:
టేబుల్ టెస్ట్ చేశా, నా రికార్డింగ్‌లో నిజంగా మారలేదు! గ్రీగ్ దగ్గర వేలు ఆగిపోయింది. సరే గానీ బొలేరో సగం దగ్గర చర్చి ఆర్గన్ లాంటిది వినిపిస్తుంది, అదేంటి?

దరువు పిచ్చోడు:
ఆర్గన్ లేదండీ అక్కడ. హార్న్ ఒక శ్రుతిలో, రెండు పికొలోలు (చిన్న ఫ్లూట్లు) వేరే వేరే శ్రుతుల్లో అదే ట్యూన్ వాయిస్తాయి, సెలెస్టా అనే గంటల్లా మోగే కీబోర్డు వాద్యం కలుస్తుంది. ముందు హార్న్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి, తర్వాత పైన ఈల వేస్తున్నట్టున్న ఆ రెండింటినీ.