లండన్‌లో లైటు వెలుగుతున్నా టాక్సీ ఆపకపోతే?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్నలు గుంటూరు నుంచి లండన్ వస్తున్నారు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు వాళ్ళిద్దరే తిరగాలి, అందుకే అడుగుతున్నా.

బ్లాక్ క్యాబ్ (లండన్‌లో రోడ్డు మీద ఆపి ఎక్కే టాక్సీ) మీద నారింజ రంగు టాక్సీ బోర్డు వెలుగుతుంటే ఖాళీ అని, చెయ్యెత్తి ఆపొచ్చని తెలుసు. మినీక్యాబ్‌లకు (ప్రైవేటు అద్దె కార్లకు) ఆ బోర్డు ఉండదు. లైసెన్సు ఉన్నదైనా సరే, ముందుగా బుక్ చేసుకోకుండా ఎక్కకూడదు. నా భయమంతా నాన్నతోనే, ఆటోని పిలిచినట్టు కనపడ్డ ప్రతి కారుకీ చెయ్యి ఊపేస్తారు!

సందేహం ఏంటంటే, లైటు వెలుగుతున్నా కొందరు ఆపకుండా వెళ్ళిపోతారు. అది రూల్స్‌కి విరుద్ధం కాదా? ఆపాక రానంటే ఎవరికి చెప్పాలి, ఏ నంబరు రాసుకోవాలి? వెనకాల ఉండే తెల్ల ప్లేటుదా, డ్రైవర్ బ్యాడ్జిదా?

మామూలుగా 12 మైళ్ళ వరకు, హీత్రో విమానాశ్రయంలో ఎక్కితే 20 మైళ్ళ వరకు తప్పక తీసుకెళ్ళాలట. మా ఇల్లు ఈస్ట్‌హామ్‌లో, హీత్రో నుంచి 20 దాటుతుంది. అప్పుడు మీటరు మీదే వస్తారా, ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలా? సామాను నాలుగు పెట్టెలు, ట్యూబ్‌లో (లండన్ మెట్రో రైల్లో) తీసుకురావడం కుదరదు.

లండన్‌లో టాక్సీ నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.