అప్‌డేట్: నీలిపొగ ఎందుకు వచ్చిందో తేలింది

పాతకాలపు సింగిల్ సిలిండర్ ఇంజన్‌ను ఇంట్లోనే విప్పి, కొత్త పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగులు వేసి బిగించినా సైలెన్సర్ నుంచి నీలిపొగ (ఇంజన్‌లో ఆయిల్ మండుతోందనడానికి గుర్తు) ఆగడం లేదని అడిగాను కదా. దోషం దొరికింది. దోషిని నేనే.

చాలామంది వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాడలు కదిలే గొట్టాలు) అరిగి ఉంటాయన్నారు. నాకూ అదే అనుమానం. కానీ గైడ్ల గుండా ఆయిల్ దిగితే, యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ తిప్పినప్పుడు పొగ గుప్పుమంటుంది. నా బండి మాత్రం ఎత్తు ఎక్కుతున్నప్పుడే పొగ వదిలేది. మీలో ఒకరు చెప్పినట్టు కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలిచి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచాను. గేజి ముల్లు బాగా పైకి లేచింది. పోసిన ఆయిల్ రింగుల సందును కాసేపు మూసిందన్నమాట. అంటే లీకు రింగుల దగ్గరే.

సిలిండర్ పైకి లాగి చూస్తే రెండో రింగు తలకిందులుగా ఉంది! దాని అంచు కాస్త ఏటవాలుగా ఉంటుంది, గుర్తున్న వైపు పైకి రావాలి. తిరగబడితే ఆయిల్‌ను కిందికి గీకాల్సినది పైకి నెడుతుంది. ఆ గుర్తేమో చీమ తలంత. కళ్లద్దాలు పెట్టుకోకుండా కూర్చున్నందుకు నాకు తగిన శాస్తి.

సిలిండర్‌కు తేలికగా హోనింగ్ (లోపలి గోడను సన్నగా గీతలు పడేలా రుద్దడం) చేయించి, మళ్లీ కొత్త రింగులే వేశాను. 70 మి.మీ. బోరుకు (సిలిండర్ లోపలి వ్యాసం) ఎండ్ గ్యాప్, అంటే రింగు రెండు కొసల మధ్య సందు, 0.30 మి.మీ. ఉంచాను.

నిన్న నడిపాను, పొగ లేదు. టాపెట్ మూత (వాల్వులను సర్దే చోట ఉండే మూత) దగ్గర మాత్రం ఆయిల్ చెమరుస్తోంది. ఆ సంగతి వచ్చే ఆదివారం చూస్తాను.